ముక్కు పైకప్పుకు అతుకు

జలుబు చేస్తే ముక్కు కారుతుంది. ఈ మాట చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. చలికాలం వచ్చిందంటే మన హాస్టల్‌లో ముక్కు ఎగబీల్చే చప్పుడు వినిపించని గది ఉండదు. నాలుగు రోజులు ఆవిరి పడితే తగ్గిపోతుంది. అయితే ముక్కులోంచి కారే నీరంతా జలుబు నీరే కాదు. అరుదుగా కొందరికి, మెదడు చుట్టూ ఉండాల్సిన నీరు ముక్కు పైకప్పులో పడిన చిన్న చిల్లు గుండా చుక్కచుక్కగా కిందికి దిగుతుంది. అదీ జలుబే అనుకుని నెలల తరబడి మాత్రలు మింగేవారున్నారు. ఆ చిల్లు తెరుచుకుని ఉన్నన్నాళ్లూ ముక్కులోని సూక్ష్మజీవులకు మెదడు దాకా దారి తెరిచి ఉన్నట్టే.

ఒకప్పుడు ఆ చిల్లు మూయాలంటే పుర్రె తెరవాల్సి వచ్చేది. ఇప్పుడు ముక్కు రంధ్రంలోంచి ఎండోస్కోపు పంపి మూస్తున్నారు. మరి దేనితో మూస్తారు? సిమెంటుతోనా? ప్లాస్టిక్‌తోనా? రోగి ఒంట్లోని కొవ్వుతోనా? ఈ హాస్టల్ అన్నం తిని వైద్యవిద్యలోకి వెళ్లిన మాకు ఈ ప్రశ్న వెనక ఉన్న సంగతులు చాలా ఆసక్తిగా అనిపించాయి. అవి మన సంచిక చదివేవారందరికీ అర్థమయ్యేలా చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మెదడు నీరు అంటే ఏమిటి?

మెదడును కప్పి మూడు పొరలుంటాయని జీవశాస్త్రంలో చదువుకున్నాం. బయటిది గట్టిగా ఉండే వరాశిక, నడిమిది లౌతికళ, మెదడును అంటిపెట్టుకుని ఉండేది మృద్వి. ఈ పొరల మధ్య, మెదడు లోపలి గదుల్లో, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవమే మస్తిష్కమేరు ద్రవం. చూడటానికి మంచినీళ్లలాగే ఉంటుంది. రంగు ఉండదు, జిగురూ ఉండదు.

పెద్దవారిలో ఇది ఏ సమయంలోనైనా సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. అంటే ఒక టీ గ్లాసెడు. కానీ రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు కొత్తగా తయారవుతుంది. పాతది రక్తంలోకి ఇంకిపోతుంటే కొత్తది వచ్చి చేరుతుంది. అందుకే చిల్లు పడితే కారడం సులభంగా ఆగదు. అడుగున చిల్లున్న ట్యాంకులోకి పైనుంచి మోటారు నడుస్తూనే ఉన్నట్టు లెక్క.

మెదడుకు దెబ్బ తగలకుండా మెత్తలా కాపాడటం ఈ ద్రవం ముఖ్యమైన పని. దానికి తోడు ఇది కొంత ఒత్తిడితో ఉంటుంది. దగ్గినా, తుమ్మినా, ముక్కినా ఆ ఒత్తిడి పెరుగుతుంది. ఈ ఒత్తిడి సంగతి గుర్తుంచుకోండి. అతుకు నిలవడం, నిలవకపోవడం చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పైకప్పు ఎందుకు చిల్లు పడుతుంది?

మన ముక్కు పైకప్పే మెదడుకు నేల. కింద ముక్కు, పైన మెదడు, మధ్యన పలుచని ఎముక. అందులోనూ వాసన నాడులు కిందికి దిగేచోట ఎముక జల్లెడలా ఉంటుంది. దాని పక్కగోడ కొన్నిచోట్ల కాగితం కన్నా మందంగా ఉండదు. వరాశిక ఆ ఎముకకు గట్టిగా అంటుకుని ఉంటుంది కాబట్టి ఎముక విరిగితే పొర కూడా చిరుగుతుంది.

ఎక్కువమందిలో దీనికి కారణం తలకు తగిలిన దెబ్బ. మోటారు సైకిల్ మీంచి పడటం, ఎత్తు నుంచి పడటం వంటివి. కొన్నిసార్లు సైనస్ ఆపరేషన్ చేస్తుండగా చిల్లు పడుతుంది. పీయూష గ్రంథిలో గడ్డలు తీయడానికి ముక్కులోంచి వెళ్లే ఆపరేషన్లలో డాక్టర్లే కావాలని దారి చేసి, చివర్లో దాన్ని మూస్తారు. ఏ దెబ్బా తగలకుండా చిల్లు పడేవారూ ఉన్నారు. వీరిలో నడివయసు దాటిన, బరువు ఎక్కువున్న స్త్రీలు ఎక్కువ. తలలో ద్రవం ఒత్తిడి ఏళ్ల తరబడి పెరిగి ఉండటంతో పలుచని ఎముక అరిగి తెగుతుంది. ఒక్కోసారి ఆ చిల్లు గుండా మెదడు పొరలో, మెదడులో కొంత భాగమో తిత్తిలా ముక్కులోకి జారుతుంది.

జలుబా? లీకా?

జలుబు నీరు సాధారణంగా రెండు ముక్కుల్లోంచీ వస్తుంది, జిగురుగా ఉంటుంది, కొద్ది రోజుల్లో చిక్కబడుతుంది. మెదడు నీరు చాలామందిలో ఒకే ముక్కులోంచి వస్తుంది, చిక్కబడదు. ముందుకు వంగినప్పుడు, చెప్పులు వేసుకునేటప్పుడు, నమాజులో వంగినప్పుడు టపటపా చుక్కలు రాలతాయి. పడుకుంటే గొంతులోకి దిగి ఉప్పగా తగులుతుంది. పాతకాలం డాక్టర్లు చేతిరుమాలు చూసేవారు. చీమిడి ఎండితే గుడ్డ గంజి పెట్టినట్టు బిరుసెక్కుతుంది, మెదడు నీరు ఎండితే అలా కాదు.

ఇవన్నీ అనుమానించడానికే. రూఢి చేసుకోవాలంటే ఆ నీటిని సీసాలో పట్టి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీను ఉందేమో పరీక్షిస్తారు. అది మెదడు నీటిలో ఉంటుంది, చీమిడిలో ఉండదు. చిల్లు ఎక్కడుందో సీటీ, ఎమ్మారై స్కానుల్లో వెతుకుతారు.

దెబ్బ వల్ల వచ్చిన లీకుల్లో చాలావరకు తల ఎత్తుగా పెట్టి పడుకోబెడితే వారం పదిరోజుల్లో వాటంతటవే ఆగిపోతాయి. ఆగనివాటిని, దెబ్బ లేకుండా వచ్చినవాటిని ఆపరేషన్ చేసి మూయాలి. మూయకపోతే మెనింజైటిస్, అంటే మెదడు పొరలకు చీము పట్టే జబ్బు, ఎప్పుడైనా రావచ్చు. వచ్చిన ప్రతిసారీ అది ప్రాణం మీదికే వస్తుంది.

తల తెరవకుండా చేసిన ప్రయాణం

ఈ లీకును ఆపరేషన్‌తో మొదట మూసినవాడిగా అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ పేరు చెబుతారు. 1926లో ఆయన పుర్రె తెరిచి, మెదడును పైకెత్తి, తొడ నుంచి తీసిన పొరతో చిల్లు మూసిన సంగతి ప్రచురించాడు. ఆ దారిలో వెళితే వాసన నాడులు తెగి, రోగికి వాసన శక్తి పోయే ప్రమాదం ఎక్కువ. 1948లో స్వీడన్ వైద్యుడు డోల్మన్ పుర్రె తెరవకుండా, ముక్కు పక్కన కోత పెట్టి కింది నుంచి మూశాడు. 1981లో జర్మనీకి చెందిన వీగండ్ ఎండోస్కోపు సాయంతో, ముఖం మీద ఏ కోతా లేకుండా మూసిన విషయాన్ని ప్రచురించాడు.

ఎండోస్కోపు గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. వైద్యులు వాడుతున్న ఈ గొట్టానికి చూపునిచ్చినవాడు వైద్యుడు కాదు, హెరాల్డ్ హాప్కిన్స్ అనే భౌతికశాస్త్రవేత్త. 1918లో లండన్ మురికివాడలో, బీద కుటుంబంలో పుట్టాడు. స్కాలర్‌షిప్పు మీద బడి చదువు చదివాడు. పాత గొట్టాల్లో చిన్నచిన్న కటకాలు, వాటి మధ్య ఎక్కువ గాలి ఖాళీ ఉండేవి. అందుకే బొమ్మ మసకగా కనిపించేది. ఆయన ఆ ఖాళీలను గాజు కడ్డీలతో నింపాడు. దాంతో వెలుతురు ఎన్నో రెట్లు పెరిగింది. నేడు ముక్కు ఆపరేషన్లలో వాడే 4 మిల్లీమీటర్ల ఎండోస్కోపు ఆ ఆలోచన ఫలితమే. స్కాలర్‌షిప్పుల మీద చదువుతున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పేరు గుర్తుంచుకోవాలి.

అతుకు ఒంట్లోనే ఉంది

ఇక అసలు విషయానికి వద్దాం. చిల్లు కనిపించింది. దాన్ని దేనితో మూయాలి? మొదటి జవాబు, రోగి సొంత ఒంట్లోనే ఉన్న సరుకుతో. ఆ సరుకు నాలుగు రకాలు.

మొదటిది కొవ్వు. పొట్ట దగ్గరో, తొడ దగ్గరో, చెవి తమ్మె నుంచో చిన్న ముక్క తీస్తారు. కొవ్వు మెత్తగా ఉండి చిల్లు ఆకారానికి ఒదిగిపోతుంది, నీటిని దాటనివ్వదు. 1997లో వోర్మాల్డ్, మెక్‌డొనో అనే వైద్యులు ఒక చక్కని పద్ధతి రాశారు. కొవ్వు ముక్కకు దారం కుట్టి, దాన్ని చిల్లు గుండా మెదడు వైపుకు నెట్టి, మెల్లగా దారం పట్టి కిందికి లాగుతారు. నీళ్ల తొట్టి అడుగు రంధ్రానికి బిరడా బిగించినట్టు కొవ్వు చిల్లులో ఇరుక్కుంటుంది. పైనుంచి నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ బిరడా ఇంకా బిగుసుకుంటుందే తప్ప ఊడిరాదు. శత్రువైన ఒత్తిడినే కాపలాదారుగా మార్చిన ఉపాయం ఇది.

రెండోది కండరాల మీది పొర. తొడ బయటి వైపున కండరాలను బిగించి ఉంచే తెల్లని, దిట్టమైన పొరను ఫేషియా లాటా అంటారు. ఎంత కావాలంటే అంత పెద్ద ముక్క దొరుకుతుంది, బలంగా ఉంటుంది. డాండీ వాడింది ఇదే. కాకపోతే తొడకు వేరే కోత పడుతుంది, కొన్నాళ్లు నడిస్తే నొప్పి ఉంటుంది. కణత మీది కండరం పొర చిన్నది. చెవి కారే పిల్లలకు కర్ణభేరి చిల్లును మూసే ఆపరేషన్‌లో ఎక్కువగా వాడేది దాన్నే.

మూడోది ముక్కు లోపలి పొర. ముక్కు పక్కగోడల మీద ఉండే టర్బినేట్ల నుంచో, ముక్కు నేల నుంచో తీస్తారు. ఒంటి మీద వేరే కోత అవసరం లేదు. కానీ ఒక జాగ్రత్త ఉంది. ఈ పొరకు చీమిడి ఊరే ముఖం ఒకటి, ఊరని ముఖం ఒకటి. ఊరే ముఖం ఎప్పుడూ ముక్కు వైపే ఉండాలి. తిరగేసి వేస్తే చీమిడి లోపలే ఊరి, బయటికి దారిలేక గడ్డ కడుతుంది. అందుకే ఈ పొరను మెదడు వైపున ఎన్నడూ పెట్టరు.

నాలుగోది ముక్కు నడిమి గోడలోని మృదులాస్థి, ఎముక. చిల్లు కాస్త పెద్దదై, మెదడు కిందికి జారేలా ఉంటే ఆసరాగా ఈ గట్టి ముక్కను అడ్డం పెడతారు. దీన్ని ఒక్కదాన్నే వాడరు, మెత్తని పొరలతో కలిపి వాడతారు.

పంక్చర్ షాపు పాఠం

అతుకు మంచిదైతే చాలదు, వేసే తీరు తెలియాలి. ఇది మనలో సైకిలున్నవారందరికీ తెలిసిన విద్యే. పంక్చర్ వేసేవాడు ముందు ట్యూబును గరుకు కాగితంతో రుద్దుతాడు. తరవాత సొల్యూషన్ రాస్తాడు. చిల్లు కన్నా పెద్ద ముక్క కోసి అంటిస్తాడు. చివరికి గట్టిగా అదిమి పెడతాడు. ముక్కు పైకప్పుకూ ఈ నాలుగు పనులే చేస్తారు.

చిల్లు అంచుల చుట్టూ ఉన్న ముక్కు పొరను గీకి తీసేసి, ఎముకను శుభ్రంగా బయటపెడతారు. అతుకు పచ్చి ఎముకకే అంటుతుంది, చీమిడి పొర మీద అంటదు. గీకకుండా వదిలేస్తే మంచి అతుకైనా జారిపోతుంది. అతుకును చిల్లు కన్నా పెద్దదిగా కోస్తారు. ఎందుకంటే ముక్కు పొర ఆరేకొద్దీ కుదించుకుపోతుంది. మొదటి అతుకును వీలైతే ఎముకకు పైన, మెదడు వైపున పరుస్తారు. రెండోదాన్ని ఎముకకు కింద, ముక్కు వైపున పరుస్తారు. ఇంటి పైకప్పు కారితే మేడ మీద ఒక పూత, గదిలో ఒక పూత వేసినట్టు. సొల్యూషన్ బదులు ఫిబ్రిన్ జిగురు వాడతారు. దెబ్బ తగిలినచోట రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్, త్రాంబిన్ అనే రెండు పదార్థాలను కలిపితే ఏర్పడే జిగురు అది. దాని మీద కరిగిపోయే స్పాంజి ముక్కలు, వాటి కింద కొద్ది రోజులు ముక్కులో గుడ్డ లాంటి ప్యాకింగు. అదే అదిమి పెట్టే చెయ్యి.

అతికించిన ముక్క ఎలా బతుకుతుంది? ఒంట్లోంచి కోసి తీసిన ముక్కకు రక్తనాళం ఉండదు. మొదటి రెండు రోజులు అది కిందున్న కణజాలం నుంచి ఊరే ద్రవాన్నే పీల్చుకుని బతుకుతుంది. ఆ తరవాత చుట్టుపక్కల నుంచి సన్నని రక్తనాళాలు దానిలోకి పాకుతాయి. ఆ కొద్దిరోజులు కదలకుండా ఉంటే నిలుస్తుంది, కదిలితే చస్తుంది. నారు పీకి నాటిన మడికి మొదటి వారం నీరు ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

2000 సంవత్సరంలో ఒక వైద్య పత్రికలో, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష వెలువడింది. ఎండోస్కోపుతో మూసిన 289 లీకుల్లో 90 శాతం మొదటి ప్రయత్నంలోనే ఆగాయి. అందులో గమనించవలసిన విషయం మరొకటుంది. ఒకరు కొవ్వు వాడారు, ఒకరు తొడ పొర, ఇంకొకరు ముక్కు పొర. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే చిల్లు చిన్నదైతే సరుకు ఏదన్నది పెద్ద ప్రశ్న కాదు. చిల్లును సరిగ్గా కనిపెట్టామా, అంచులు శుభ్రం చేశామా, అతుకు కదలకుండా కూర్చోబెట్టామా అన్నవే అసలు ప్రశ్నలు.

కొనుక్కొచ్చే అతుకులు

రోగి ఒంటికి మరో కోత పెట్టకుండా బజారులో దొరికే తయారు సరుకూ ఉంది. దాతల చర్మంలోంచి కణాలు తీసేసి తయారుచేసిన పొర, ఆవుల స్నాయువుల నుంచి తీసిన కొల్లాజెన్ రేకు, పశువుల గుండె చుట్టూ ఉండే సంచి పొర, పంది చిన్న పేగు నుంచి తీసిన పొర వంటివి. వీటిని డబ్బా తెరిచి కావలసిన మేరకు కత్తిరించుకోవచ్చు. సమయం కలిసొస్తుంది. మెదడు వైపు వేసే లోపలి పొరగా కొల్లాజెన్ రేకును చాలామంది వాడుతున్నారు. అయితే ధర ఎక్కువ. పైగా జంతువుల నుంచి వచ్చినవి కాబట్టి రోగి విశ్వాసాలను అడిగి, ముందుగా చెప్పి వాడాలి. మనకు ఏం వాడుతున్నారని అడిగే హక్కు ప్రతి రోగికీ ఉంది, బీదవాడికి కూడా.

తయారు సరుకు విషయంలో ప్రపంచం ఒక చేదు పాఠం నేర్చుకుంది. 1969 నుంచి జర్మనీలో తయారైన లయోడ్యూరా అనే అతుకు చాలా దేశాల్లో అమ్ముడైంది. చనిపోయినవారి వరాశికను తీసి, ఎండబెట్టి, శుద్ధి చేసిన ముక్క అది. వరాశికకు వరాశికతోనే అతుకు, అంతకన్నా సరిజోడు ఏముంటుంది అనుకున్నారు. కానీ చాలామంది దాతల పొరలను కలిపి ఒకేచోట శుద్ధి చేసేవారు. వారిలో ఎవరికో క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకోబ్ అనే మెదడు జబ్బు ఉంది. దానికి కారణమైన ప్రియాన్లు మామూలు రేడియేషన్ శుద్ధికి చావవు. 1987లో అమెరికాలో ఈ అతుకు వేయించుకున్న ఒక రోగికి ఆ జబ్బు వచ్చినట్టు బయటపడింది. ఆ ఏడాదే శుద్ధి చేసే పద్ధతి మార్చారు. కానీ అప్పటికే వేసిన అతుకుల్లో జబ్బు దాగి ఉంది. ఒక్క జపాన్‌లోనే వందమందికి పైగా దాని బారిన పడ్డారు. కొందరికి ఆపరేషన్ అయిన ఇరవై ఏళ్లు దాటాక బయటపడింది. ఆ జబ్బుకు మందు లేదు. 1997లో జపాన్ ఆ అతుకును నిషేధించింది.

ఇప్పుడు దొరికే సరుకును వేరే పద్ధతుల్లో తయారుచేస్తారు, దాతలనూ జంతువులనూ పరీక్షించి ఎంచుకుంటారు. కనుక వాటిని చూసి భయపడనక్కర్లేదు. అయినా సొంత ఒంట్లోంచి తీసిన అతుకుకు ఎవరి జబ్బూ అంటదు, శరీరం దాన్ని పరాయిదని తోసేయదు, దానికి బిల్లూ ఉండదు. ఈ మూడు కారణాల వల్లనే అది ఇప్పటికీ మొదటి స్థానంలో ఉంది.

తొడిమతో వచ్చే అతుకు

చిల్లు 1 సెంటీమీటరు లోపు ఉంటే పైన చెప్పినవి చాలు. కానీ పుర్రె అడుగు గడ్డలను ముక్కులోంచి తీయడం మొదలయ్యాక 3 సెంటీమీటర్లు దాటిన కంతలు ఏర్పడ్డాయి. వాటిలోంచి నీరు చుక్కలుగా కాదు, ధారగా వస్తుంది. రక్తనాళం లేని అతుకు అంత పెద్ద కంత మధ్యలో, కింద ఆధారం లేనిచోట బతకడం కష్టం. ఆపరేషన్ బాగా జరిగినా తరవాత లీకు కావడం ఎక్కువైంది.

దీనికి జవాబు మామిడి తోటలో ఉంది. అంటు కట్టే ఒక పద్ధతిలో కుండీ మొక్కను తల్లిచెట్టు కొమ్మ దగ్గరికి తెచ్చి, రెండింటినీ చెక్కి, కలిపి కడతారు. అతుకు కలిసేదాకా కొమ్మను తల్లిచెట్టు నుంచి కోయరు. అందాకా ఆ కొమ్మకు తల్లిచెట్టే ఆహారం పెడుతుంది. ఒంటి మీద కూడా అతుకును పూర్తిగా కోసేయకుండా, రక్తనాళం ఉన్న తొడిమను అలాగే ఉంచి పక్కకు తిప్పి అతికిస్తే, అది మొదటి నిమిషం నుంచే సొంత రక్తంతో బతుకుతుంది.

ఈ ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. తెగిన ముక్కును చెంప నుంచి తీసిన చర్మంతో బాగుచేయడం సుశ్రుత సంహితలో ఉంది. 1792 మైసూరు యుద్ధంలో ఆంగ్లేయుల సైన్యానికి ఎద్దుల బండ్లు తోలిన కావస్జీ అనే మరాఠా, టిప్పు సైన్యానికి చిక్కి ముక్కు పోగొట్టుకున్నాడు. పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతనికి కొత్త ముక్కు చేశాడు. మైనంతో ముక్కు కొలత తీసుకుని, దాన్ని నుదుటి మీద పరిచి గీత గీసి, చర్మం కోశాడు. రెండు కళ్ల మధ్య మాత్రం సన్నని తొడిమ వదిలేశాడు. చర్మాన్ని కిందికి తిప్పి, కుట్లు లేకుండా, కాచు నానబెట్టి పూసిన గుడ్డ పీలికలతో అతికించాడు. సుమారు 25వ రోజున తొడిమ కోసేవారట. ఈ వివరాలు లండన్‌లో వెలువడే జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ 1794 అక్టోబరు సంచికలో బొమ్మతో సహా అచ్చయ్యాయి. అది చదివిన కార్ప్యూ అనే ఆంగ్ల వైద్యుడు 1814లో అదే పద్ధతిలో ఆపరేషన్ చేసి, 1816లో పుస్తకం రాశాడు. నుదుటి చర్మంతో ముక్కు చేయడాన్ని ప్రపంచమంతా భారతీయ పద్ధతి అని పిలిచింది. పత్రికలో కావస్జీ పేరు ఉంది, బొమ్మ ఉంది. ఆ పని చేసిన ఇటుకలవాడి పేరు మాత్రం లేదు. విద్య ఆయనది, పేరు పద్ధతికి దక్కింది. మన హాస్టళ్లలో చదివే పిల్లలకు ఈ సంగతి వేరే వివరించనక్కర్లేదు.

ముక్కు లోపల ఇదే సూత్రాన్ని విస్తృతంగా వాడుకలోకి తెచ్చినవారు అర్జెంటీనాకు చెందిన హదాద్, బస్సగాస్తెగి. అమెరికాలోని పిట్స్‌బర్గ్ వైద్యులతో కలిసి వారు 2006లో ప్రచురించిన అతుకు వారి పేరు మీదే చెలామణీ అవుతోంది. ముక్కు నడిమి గోడ మీది పొరను ముందు నుంచి వెనక్కి ఒలుస్తారు. వెనక చివర దానికి రక్తం తెచ్చే సన్నని ధమని ఉన్న తొడిమను మాత్రం కోయరు. గడ్డ తీసేంతసేపూ ఆ పొరను ముక్కు వెనక, గొంతు పైభాగంలో దాచి ఉంచుతారు. చివర్లో పైకి తిప్పి కంత మీద పరుస్తారు. ముడతలు లేకుండా ఎముకకు అంతటా ఆనుకోవాలి, తొడిమ మెలిపడకూడదు.

దీనికీ కష్టాలున్నాయి. ఆపరేషన్ మొదట్లోనే దీన్ని ఒలిచి పెట్టుకోవాలి. ఆలోచన లేకుండా ముందుకు వెళ్లి ధమని తెగిందంటే ఇక ఆ వైపు అతుకు లేనట్టే. పొర ఒలిచినచోట మృదులాస్థి బయటపడి, కొన్ని వారాలపాటు ముక్కులో పక్కులు కడతాయి. ఉప్పునీటితో కడుక్కుంటూ ఉండాలి. పాత ఆపరేషన్ల వల్ల నడిమి గోడ దెబ్బతిన్నవారికి ఇది కుదరదు. అప్పుడు టర్బినేటు నుంచో, మాడు కింది పొర నుంచో తొడిమ ఉన్న అతుకు తీస్తారు.

ఫలితం మాత్రం అంకెల్లోనే కనిపిస్తుంది. 2012లో పెద్ద కంతల మీద వచ్చిన సమీక్షలో 609 మంది రోగుల వివరాలు చూశారు. తొడిమ లేని అతుకు వేసినవారిలో 15.6 శాతం మందికి మళ్లీ లీకు అయింది. తొడిమ ఉన్న అతుకు వేసినవారిలో 6.7 శాతం మందికే అయింది. సగానికి పైగా తగ్గింది. చిన్న చిల్లుకు వేసే తీరు ముఖ్యం, పెద్ద కంతకు ప్రాణమున్న అతుకు ముఖ్యం. ఇంత పెద్ద శాస్త్రంలో మేము గ్రహించిన సారం ఈ ఒక్క వాక్యమే.

ఆపరేషన్ తరవాత

అతుకు వేయడం డాక్టరు వంతు, దాన్ని కాపాడుకోవడం రోగి వంతు. కొన్ని వారాలు ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి. బరువులు ఎత్తకూడదు. తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి. మలబద్ధకం రాకుండా చూసుకోవాలి. ముక్కితే తలలో ఒత్తిడి పెరిగి అతుకు కదులుతుంది. అందుకే ఈ రోగులకు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఇస్తారు. తలలో ఒత్తిడి ఎక్కువున్నవారికి దాన్ని తగ్గించే మాత్రలు, బరువు తగ్గే సలహా ఇస్తారు. ఒత్తిడి తగ్గకపోతే ఈ చిల్లు మూసినా మరోచోట పడుతుంది.

మనం గుర్తుంచుకోవలసినవి

మిత్రులారా, ఈ జబ్బు అరుదు. ముక్కు కారిన ప్రతివారూ భయపడవద్దు. కానీ ఈ నాలుగు మాటలు మాత్రం మరవకండి.

1. తలకు దెబ్బ తగిలాక ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్లలాంటి ద్రవం వస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చాలి.

2. అలాంటివారి ముక్కులో దూది గానీ గుడ్డ గానీ కుక్కకూడదు. ముక్కు చీదమని చెప్పకూడదు.

3. ఒకే ముక్కులోంచి నీళ్లు, వంగితే ఎక్కువ, మందులకు తగ్గడం లేదు అంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. దానికి తోడు జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం ఉంటే అది అత్యవసరం.

4. ఇంట్లో పెద్దవాళ్లకు ఇలా ఉంటే, పైసలు లేవని ఊరుకోవద్దు. బోధనాసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగం ఉంటుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో చికిత్స వర్తిస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఎద్దుల బండివాడి ముక్కును బాగుచేసిన ఇటుకలవాడికీ, మురికివాడ నుంచి వచ్చి ఎండోస్కోపుకు చూపునిచ్చిన హాప్కిన్స్‌కూ చేతిలో ఆస్తులు లేవు, విద్య ఉంది. మన హాస్టల్ గదుల్లో ఈ సంచిక చదువుతున్నవారిలో రేపు ఎవరో ఒకరు ఈ ఆపరేషన్ చేస్తారు. ఆ రోజు రాసే కాగితాల మీద వారి పేరు తప్పకుండా ఉండాలని కోరుకుంటూ, అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.